ఎండ తగలని విత్తనం

నాయనా రాముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. అయినా ఈ పొద్దు సంతోషం పట్టలేక రాస్తున్నాను. ఏటా మొలకలు బూజు పట్టి కుళ్లిపోయే మన ఆళ్లగడ్డ చేను ఈసారి పచ్చగా నిలబడింది నాయనా.

నువ్వు చెబుతుండిన నల్లపొడిని నీ భార్య నంద్యాల వ్యవసాయ ఫారం నుంచి తెచ్చి, బెల్లం నీళ్లలో కలిపి వేరుశనగ విత్తనాలకు పట్టించింది. మీ అమ్మ అలవాటు కొద్దీ వాటిని ఎండలో పరిచింది.

"అత్తా, పొడిలో కంటికి కనపడని జీవాలుండాయి. పైరును పెంచేది, బూజును తరిమేది అవే. ఎండకు సచ్చిపోతాయి" అంది కోడలు.

"పానముండేవని ముందే చెప్పకూడదా మే" అని మీ అమ్మ విత్తనాలను పంచలోకి మోసి, సాయంత్రం దాకా కోళ్లను తోలుతూ పక్కనే కూర్చుంది.

ఈ ఉదయం ఒక మొక్క పీకితే వేరు నిండా పైరుకు బలమిచ్చే బుడిపెలే, కుళ్లు అన్నదే లేదు. మావాడు చెప్పిన పొడి వల్లే అని దాన్ని దారిన పోయేవాళ్లందరికీ చూపించాను. నువ్వు లేవని తెలియని అవుకు ఊరి రైతు ఒకాయన, "ఇది చెప్పిన మీ వాడు యాడుండాడప్పా, మేమూ అడుగుతాం" అన్నాడు.

"మా కోడల్ని అడుగప్పా, వాడు చెప్పిందంతా ఆమెకు తెలుసు" అన్నాను.

ఆయన గట్టు మీద కూర్చుని ఆమె చెప్పేదంతా విన్నాడు. నీ మాట అవుకు దాకా పోతోంది నాయనా.