కంపెనీ గుర్తు వేసిన తెలుగు నోట్సు

మిర్యాలగూడ,
18-9-1997, గురువారం.

గౌరవనీయులైన రాజారత్నం అన్నకు,

తమ్ముడు మోతీలాల్ నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. అక్కడ నువ్వు, జానమ్మ వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. కోదాడలో నీ కంప్యూటర్ సెంటర్‌కు కొత్త బ్యాచ్ వచ్చిందని తెలిసి సంతోషించాను.

అన్నా, మనం పీకలదాకా మునిగాం. సోమవారం నాడు మన సెంటర్లకు బోర్డులిచ్చిన కంపెనీ మనిషి హైదరాబాదు నుంచి నా సెంటర్‌కు వచ్చాడు. క్లాసు జరుగుతుండగానే బీరువా తెరిపించి, మన చేతిరాత తెలుగు నోట్సు నలభై ప్రతులు బల్ల మీద పెట్టించాడు. మా దగ్గర చదివే త్రిపురారం సోనీ తన ప్రతి పోగొట్టుకుని, స్నేహితురాలిది తీసుకెళ్లి సూర్యాపేటలో జిరాక్స్ తీయించిందట. ఆ షాపువాడు ఒక ప్రతి తన దగ్గరే ఉంచుకుని వేరే ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు అమ్ముకున్నాడు. అలా అది కంపెనీ చేతికి చిక్కింది. ఆ పిల్లను ఏమని తిట్టను?

మన తెలివితక్కువతనం ఇంకొకటి ఉంది. కంపెనీ పుస్తకం చూసి రాసి, దాని మీద కంపెనీ పేరు లేకపోతే దొంగతనం అవుతుందని మనం భయపడ్డాం గుర్తుందా? వాళ్లది వాళ్ల పేరుతోనే ఉండాలని, రబ్బరు స్టాంపు చేయించి ప్రతి పేజీ మీదా వాళ్ల నీలం చక్రం గుర్తు వేశాం. దేవుడి పటానికి బొట్టు పెట్టినంత భక్తిగా వేశాం. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది. అడగకుండా తిరగరాయడం ఒక నేరమట, దాని మీద కంపెనీ గుర్తు వేయడం ఇంకో నేరమట.

నేనూ ఊరుకోలేదు. మా తండాల పిల్లలకు మీ ఇంగ్లీషు పుస్తకం ఎక్కడం లేదు సార్ అన్నాను. కంప్యూటర్‌లో డైరెక్టరీ అంటే ఏమిటో సాగర్ ఎడమకాల్వ, తూము, పిల్లకాల్వ, మడి అని వరసగా చెబితేగానీ అర్థం కాలేదు, ఆ కాల్వ మీ పుస్తకంలో ఏ పేజీలో ఉంది అని అడిగాను. ఆయన నవ్వి అగ్రిమెంటు తీశాడు. పుస్తకాలు కంపెనీవి, మనకు ఇచ్చింది పాఠం చెప్పుకోవడానికే. వాటిని తెలుగు చేయాలన్నా, మార్చి రాయాలన్నా అనుమతి తీసుకోవాలి. అలా రాసింది కూడా కంపెనీదే అవుతుంది. అంటే మన కాల్వ కూడా వాళ్లదే! కింద నా సంతకం ఉంది. నువ్వూ అలాంటి కాగితం మీదే సంతకం పెట్టావు. సెంటర్‌కు బోర్డు ఎప్పుడొస్తుందా అని చూశామే గానీ, ఆ కాగితం ఎవరం చదివాం?

సెంటర్ పోవడంతో ఆగదట. నోట్సు రాసినవాళ్ల మీద పోలీసు కేసు పెడతారట, జైలు కూడా పడవచ్చట. మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, పోలీసులేమోనని లేచి తలుపు దగ్గరకు పోతున్నాను. నీ మరదలు తారా కూడా "నిజం జెప్పి బయటపడరాదు, జర పిల్లల మొఖం సూడు" అని ఏడుస్తోంది.

అందుకని ఒక్క సాయం చెయ్యి. మనిద్దరం ఒకే మాట చెప్పాలి కదా. నోట్సులో ఏయే పాఠాలు నువ్వు రాశావో, ఎప్పుడు రాశావో, కోదాడలో ఎన్ని ప్రతులు పంచావో అంతా తెలుగులో నీ చేత్తో రాసి, సంతకం పెట్టి వెంటనే టపాలో వెయ్యి. టైపు చేయించకు. ఫోను కూడా వద్దు, ఎస్టీడీ బూత్‌లో పదిమంది వింటారు. వదినకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
నీ తమ్ముడు
మోతీలాల్

తా.క. అన్నా, ఇది పోస్టాఫీసులో నిలబడి, ఇన్‌లాండ్ కవరు అంటించే ముందు రాస్తున్నాను. పై ఉత్తరమంతా కంపెనీ మనిషి ఎదురుగా కూర్చుని రాయించాడు. నీకు అనుమానం రాకుండా ఇంటి సంగతులు కూడా కలపమన్నాడు. ఇప్పుడు బయట స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. మొన్న భయానికి నీ పేరు నేనే చెప్పేశాను. నా సెంటర్ ఉంచుతానన్నాడు. కానీ నా మాట ఒక్కటే చాలదట. కంపెనీ దగ్గర నీ ఇంగ్లీషు రాతే ఉంది, నోట్సుతో పోల్చడానికి నీ తెలుగు రాత కావాలి. తారా ఆ మాట అనలేదు. "మన పోరగాండ్లకు రాసిచ్చినోని పేరు జెప్తవా" అని, ఆ రోజు నుంచి నాతో మాట్లాడటమే మానేసింది. నీ దగ్గర అసలు కాగితాలు ఉంటే పొయ్యిలో వెయ్యి. జవాబు మాత్రం రాయకు. నన్ను తిట్టాలనిపించినా రాయకు.