చీటీ మీద పేరు

నవంబర్ 18, మంగళవారం

నువ్వు అబద్ధాలకోరువి. ఈ పేజీ ఎప్పుడో తిరగేసి చదువుకునేది నువ్వొక్కదానివే కాబట్టి నీ మొహానే చెబుతున్నాను. ఊళ్ళో అందరి ఇళ్ళలో ఆడవాళ్ళ చాకిరీకి జవాబు అడుగుతావు, పత్రికలో రాస్తావు, మైకు దొరికితే అరుస్తావు. నీ వంటింట్లో నిలబడి ఉన్నదెవరో మాత్రం చూడవు.

...సరే. తిట్టుకుంటే కాస్త ఊపిరి ఆడింది. ఇప్పుడు విషయం.

పొద్దున కాలేజీ నుంచి ఫోన్. రెండేళ్ళ కిందట నాలుగు పేజీల రాజీనామా బల్ల మీద పెట్టి బయటికొచ్చిన జూనియర్ కాలేజీయే. ప్రిన్సిపాల్ మారారు, ఈమె కొత్త. "సివిక్స్‌కి మనిషి లేరు కరుణగారూ. జనవరి నుంచి రండి. డిసెంబర్ పదిహేనులోగా ఏ సంగతీ చెప్పండి."

పాతాయన మాట ఇంకా చెవిలోనే ఉంది. షారోన్‌కు ఆయాసం వచ్చిందని స్కూలు వాళ్ళు ఫోన్ చేస్తే క్లాసు మధ్యలో వదిలి పరుగెత్తాను. మర్నాడు స్టాఫ్ రూములో, అందరి ముందూ — "పిల్లలున్న లేడీస్‌ని పెట్టుకుంటే ఇదే తంటా." మానేశాను. దాన్ని పోరాటం అనుకున్నాను. ఆ డిసెంబర్‌లోనే కేకులు మొదలుపెట్టాను. దాన్ని ఏమనుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నవంబర్ 20

ఉద్యోగమైతే రిజిస్టర్‌లో నా పేరు ఉంటుంది. నలభై మంది పిల్లలకు రాజ్యాంగం చెప్పవచ్చు. బిడ్డకు ఊపిరి ఆడనప్పుడు మాత్రం ఎవరినో బతిమాలాలి.

కేకులైతే ఎవరినీ అడగక్కర్లేదు. షారోన్ బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటాను. ఉంటాను అంటే — చేతులకు వెన్న, భుజానికీ చెవికీ మధ్య ఫోన్, నోట్లో "ఒక్క నిమిషం బంగారం". ఆ ఒక్క నిమిషం అయ్యేసరికి పిల్ల నిద్రపోతుంది.

"ఇంట్లోనే కూర్చుని సంపాదించండి, అమ్మలకు అనువైన పని" — మోండా మార్కెట్ మలుపులో స్తంభానికి కట్టిన బోర్డు. కూర్చుని! ఎవరు కూర్చున్నారు? ఆ మాట రాసినవాణ్ణి తెచ్చి మా వంటింట్లో నిలబెట్టాలి.

నవంబర్ 23, ఆదివారం

చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "పోయినేడు కేకు ఏముండెనే కరుణా! నీ చేతిల ఏదో ఉన్నది." అత్తమ్మ పక్కనే ఉంది. నేను నోరు తెరిచేలోపే — "అంతా మా కోడలే. నేను ఊకె కూసుంటా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సెప్టెంబర్ నుంచి ద్రాక్షరసంలో నానుతున్నాయి మూడు జాడీల ఎండుపండ్లు. ఖర్జూరం, చెర్రీ, నారింజ తొక్క — సన్నగా, అన్నీ ఒకే కొలతలో తరిగింది ఎవరు? ఆమె బొటనవేలి మీద కత్తి గీసిన నల్లగీత ఇంకా పోలేదు. నవ్వాను...

నవంబర్ 27

వసంతక్క ఫోన్. ఆమె నడిపే పత్రిక వచ్చే సంచిక మొత్తం ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్ళ మీదేనట. "చదివినోళ్ళ కడుపు మండాలె కరుణా. నువ్వైతేనే రాస్తవ్. ఎనిమిదో తారీఖుకు నాకు చేరాలె." రాస్తానన్నాను. ఇంటి వ్యాపారం స్వేచ్ఛ కాదు, గోడలు మారని జైలు — ఫోన్లోనే రెండు వాక్యాలు వల్లించాను కూడా. "అబ్బ! గదే, గదే రాయి," అంది.

కేకుల సంగతి ఆమెకు తెలియదు. రెండేళ్ళుగా చెప్పలేదు. స్టేటస్‌లో కేకు ఫొటో పెట్టిన ప్రతిసారీ వసంతక్కకు కనబడకుండా సెట్ చేసి పెడతాను. లోకాన్ని నిలదీసేదాన్ని, స్టేటస్ దాచుకుంటున్నాను.

డిసెంబర్ 1

సుధాకర్‌ను అడిగాను. "నీ ఇష్టం కరుణా. పోతే పో, ఉంటే ఉండు. నాకేం ప్రాబ్లం లేదు."

ఎందుకుంటుంది? ఎనిమిదింటికి టిఫిన్ డబ్బా చేతికొస్తుంది, ఆఫీసుకు పోతాడు, సాయంత్రం వస్తాడు. నేను కాలేజీకి పోయినా అంతే, ఇంట్లో ఉన్నా అంతే. "నా ఇష్టం అంటే నీకు పట్టదని అర్థం!" అని మొదలుపెట్టి ఆపకుండా పది నిమిషాలు... వంటింట్లోంచి అత్తమ్మ గొంతు: "జెర మెల్లగనే. పక్కింటోళ్ళు మీటింగ్ షురూ అయిందని కుర్చీలు తెచ్చుకుంటరు."

సుధాకర్ నవ్వి చెప్పులేసుకున్నాడు. డబ్బా అందించింది ఆమె. పది నిమిషాల ఉపన్యాసంలో డబ్బా మాట వచ్చింది. కట్టినామె మాట రాలేదు.

డిసెంబర్ 3

షారోన్ స్కూలు ఫారం నింపుతోంది. "మమ్మీ, తల్లి చేసే పని అని ఉన్నది. ఏం రాయాలె? లెక్చరరా, కేకులా?" ఆలోచిస్తున్నాను... "కోపం చేస్తది అని రాయాల్నా?"

అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత షారోనే వెతికింది: "నానమ్మ చేసే పని అని లేనే లేదు, చూడు." పెన్సిల్ కొరుకుతూ అన్న మాట. నా గడి ఖాళీగా వదిలేసి పంపాం.

డిసెంబర్ 7, ఆదివారం

రేపు బేకరీ. ఇన్ని ఆర్డర్లకు ఇంటి ఓవెన్ ఏ మూలకూ చాలదు. రెజిమెంటల్ బజార్‌లో ఖాజా భాయ్ బేకరీ — సుధాకర్ పుట్టకముందు నుంచీ అత్తమ్మ ప్రతి డిసెంబర్ అక్కడికే. గుడ్లు, మైదా, చక్కెర, వెన్న, నానిన పండ్లు మనమే మోసుకుపోవాలి. మన కళ్ళముందే పెద్ద బేసిన్‌లో గిలక్కొట్టి రేకు డబ్బాల్లో పోస్తారు. డబ్బాకొక చీటీ, చీటీ మీద మన పేరు. కట్టెల పొయ్యిలోంచి తీశాక పేరు పెట్టి పిలుస్తారు. క్రిస్మస్ ముందు ఆ గుమ్మం దగ్గర సగం సికింద్రాబాద్ ఉంటుంది.

పోయినేడు అత్తమ్మ పేరు రాసిన చీటీలతో నేనే వెళ్ళాను. ఈసారి రేపే వ్యాసం పంపాలి. అత్తమ్మ తనే అంది, "నేను పోతగా. నాకు కొత్తనా?"

చీటీలు నేను రాశాను. ఇంగ్లీషులో. కరుణాస్ హోమ్ కేక్స్ — పెట్టెల మీద అచ్చు వేయించిన పేరే. అత్తమ్మ తెలుగు బైబిల్ మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివిందో. ఇంగ్లీషు రాదు. చీటీ ఒకటి తిప్పి చూసింది. "ఏం రాసినవే?"

"మన పేరే అత్తమ్మా."

నలగకుండా బైబిల్‌లో పెట్టుకుంది.

డిసెంబర్ 8

వ్యాసం పంపాను. మిగతాది రాయలేను.

డిసెంబర్ 9

రాయాలి. ఇవాళ రాయకపోతే రేపటికి దీన్ని కూడా నాకు అనుకూలంగా మలుచుకుంటాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

నిన్న పొద్దున ఎనిమిదింటికి సుధాకర్ ఆమెనూ సామాన్లనూ ఆటోలో తీసుకెళ్ళి బేకరీ దగ్గర దింపాడు. పదకొండుకల్లా వచ్చేయాలి. నేను తలుపు వేసుకుని రాస్తూ కూర్చున్నాను. పన్నెండు. రాలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్ళింది. ఒంటిగంట. ఆఫీసు పార్టీకి కేకు చెప్పిన ఆమె మూడోసారి ఫోన్ చేసింది. నాకు తల తిరిగిపోయి బేకరీకే ఫోన్ చేశాను. ఎవరో ఎత్తారు, బైబిల్ సంచితో ఉన్న పెద్దామె అంటే ఆమెకు ఇచ్చారు.

"అత్తమ్మా, ఐదు గంటలు! ఏం చేస్తున్నరు అక్కడ? ఇంత చిన్న పని కూడా..."

"ఇంకా పిలుస్తలేరు బిడ్డా."

అప్పుడు నా ముందు తెరిచి ఉన్న వాక్యం ఇది: 'ఇంట్లో ఆడది చేసే పనికి ఈ సమాజం పేరు కూడా పెట్టలేదు.' దాని కింద గీత గీసి, లాప్‌టాప్ మూసి, ఆటో ఎక్కాను.

గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఒక మోకాలు చాపి, బైబిల్ సంచి ఒళ్ళో పెట్టుకుని. లోపల బల్ల మీద మా డబ్బాలు, అన్నీ, వరసగా. ఎప్పుడో చల్లారిపోయాయి.

పిలిచారు. చాలాసార్లు పిలిచారట. "కరుణాస్! కరుణాస్ హోమ్ కేక్స్!" అని. ఆమె విన్నది. ఎవరిదో దుకాణం అనుకుంది. తన తర్వాత వచ్చినవాళ్ళు డబ్బాలు తీసుకుని పోతూనే ఉన్నారు. తన పేరు పెట్టి, దీనమ్మ అని, పిలుస్తారని ఆమె కూర్చుంది. ఇన్నేళ్ళూ అలాగే పిలిచారు మరి. పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళు. ఖాజా భాయ్ గుడ్ల కోసం మోండా పోయి, నేను వచ్చే ముందే తిరిగొచ్చాడట. నన్ను చూడగానే షురూ చేశాడు.

"ఏంది మేడం గిది? మా అబ్బా జమానా నుంచి దీనమ్మగారి పేరు మీద డబ్బాలు పోతున్నయి. ఆమె పేరుంటే మావోళ్ళు ఇంటికి తెచ్చి ఇద్దురు. పెద్దమనిషిని గింత తక్లీఫ్ పెడతరా? ఈ కరుణాస్ ఎవరు అసలు?"

"నేనే."

"అచ్చా."

అంతే అన్నాడు. నా రాజీనామా నాలుగు పేజీల్లో కూడా అంత బలమైన మాట ఒక్కటి లేదు.

ఆటోలో అత్తమ్మ నన్నే ఓదార్చింది. "చల్లారినయి, మంచిదే. కోస్తే పొడి రాలది." కాసేపటికి, "ఇంగ్లీషుల రాసినవా? గిరాకి అట్లనే గావాలె." ఇంటి సందు మలుపు తిరిగాక, నా వైపు చూడకుండా, ఒక్కసారి మాత్రం —

"మన పేరే అంటివి గద."

డిసెంబర్ 10

వసంతక్క. "చింపి పడేసినవ్ కరుణా! ఒక్క అక్షరం సుత ముట్టుకోను." చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి... "థాంక్స్ అక్కా" అన్నాను.

డిసెంబర్ 11

మోకాళ్ళు వాచాయి. లేచి, గోడ పట్టుకుని నడిచి, షారోన్‌కు జడ వేసింది. నేను వేస్తానంటే "నువ్వు గట్టిగ గుంజుతవ్" అని పిల్ల రాలేదు.

డిసెంబర్ 13, శనివారం

సోమవారంతో గడువు. ప్రిన్సిపాల్‌కు రెండు జవాబులు రాసి పెట్టుకున్నాను — ఒకటి వస్తానని, ఒకటి రానని. రెండూ బాగా వచ్చాయి. రెండింట్లోనూ హక్కులున్నాయి, ఆత్మగౌరవం ఉంది. రెండింట్లోనూ అత్తమ్మ లేదు. కాలేజీకి పోతే షారోన్ ఆమె మీద, వంట ఆమె మీద. కేకులు చేస్తే పండ్లు, బేసిన్లు, బేకరీ మెట్టు ఆమె మీద.

బాల్కనీలో స్టూలు మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. వెళ్ళి నేల మీద కూర్చుని సీసా తీసుకున్నాను. తప్పయింది అత్తమ్మా, అన్నాను. ఇంకా చాలా అనబోయాను.

"చాల్చాలు. మళ్ళ వ్యాసం షురూ చెయ్యకు." రెండో మోకాలు నా వైపు జరిపింది. "హాస్పిటల్ల ఆయాగ చేసినప్పుడు రిజిస్టర్ల నా పేరు ఉండె. దినాం పొద్దుగాల సంతకం పెడుతుంటి. దీనమ్మ అని, ముత్యాల లెక్క. ఒక్కదినం ఆలస్యమైతే సిస్టరమ్మ పేరు పెట్టి తిట్టేది. గది సుత మంచిగనే అనిపిస్తుండె."

"ఎందుకు మానేశారు?" — అడిగాను. నిజంగానే అడిగాను.

నూనె చేత్తో నా తల మీద ఒక్కటి వేసింది, మెల్లగా. "మరి షారోన్ పుట్టినంక నువ్వు కాలేజీకి ఎట్ల పోయినవనుకున్నవే?"

పదేళ్ళు. ఆమె ఉద్యోగం మానేసిందని తెలుసు. మోకాళ్ళ నొప్పులకు మానేసిందని నాకు నేనే చెప్పుకున్నానేమో, అదే నిజమైపోయింది. ఆ మోకాళ్ళతోనే పదేళ్ళు మా ఇల్లు నడిచింది. ఉద్యోగమా, ఇల్లా అని ఈ ఇంట్లో మొదట తూచుకున్నది నేను కాదు. ఆమె వ్యాసం రాయలేదు, రాజీనామాలో ఏముందో కూడా నాకు తెలియదు. బహుశా ఒక్క వాక్యం.

నేను ఏడుస్తుంటే చూసి విసుక్కుంది. "ఏడుపెందుకే? నీకు డిమాండ్లు రాసుడు మంచిగ వస్తది గద. అందరియి రాస్తవు. నాయి రాయి. కాయితం తే." ఆట పట్టిస్తోందనుకున్నాను. కాదు. కళ్ళజోడు తెప్పించుకుని, నేను రాసింది ప్రతి వరుసా చదివి, రెండుచోట్ల దిద్దించింది. తెలుగులోనే రాశాను. కింద సంతకం పెట్టింది. నిజంగానే ముత్యాలు.

జవాబులు రెండూ అలాగే ఉన్నాయి. వసంతక్కకు ఇంకా చెప్పలేదు. ఈ కాగితం మాత్రం ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, ఆమె చెప్పింది చెప్పినట్టు —

1. చీటీ మీద నా పేరు ఉండాలె. తెలుగుల.

2. చర్చి దగ్గర నేను ఊకె కూసుంటా అని ఇంక అనను. నువ్వు సుత నవ్వొద్దు.

3. ఐతారం నాకు పని చెప్పొద్దు.

4. బేకరీకి పోతే కూసునేతందుకు ఇంటి నుంచి స్టూల్ రావాలె. మోసేది సుధాకర్.

5. షారోన్ స్కూల్ల మొదటి ఫోన్ నంబర్ సుధాకర్‌ది రాయాలె. ఆయాసమొస్తే వాడు ఉరకాలె.

6. నౌకరికి పోతవో, కేకులే చేస్తవో, సోమవారం చెప్పేముందు నన్ను అడగాలె. నేను సుత నౌకరికి పోవచ్చు.