వదిన తిప్పిన డ్రోన్

జూన్ 3
అన్నయ్య తన పెళ్ళాన్ని తెచ్చి నాకు అసిస్టెంటుగా అంటగట్టాడు. ఇంట్లోనే ఒకరి మొహం ఒకరు చూసుకోలేం. ఇక రోజంతా ఫ్యాక్టరీ కప్పులు తనిఖీ చేస్తూ కలిసి తిరగాలట. డ్రోన్ ఎగరేసేది నేను. అంతకుముందు దాన్ని చేతుల్లో పట్టుకుని గుండ్రంగా తిప్పి కంపాస్ క్యాలిబ్రేషన్, అంటే దాని దిక్సూచి సరిచేసేది వదిన. ఆ మాత్రం చేతకాదా అన్నాడు.

జూన్ 5
చేతకాలేదు. పైకి లేచిన డ్రోన్ ఒకచోట నిలబడకుండా గానుగెద్దులా చుట్లు తిరిగింది. తిప్పేటప్పుడు దగ్గర్లో ఇనుమో అయస్కాంతమో ఉంటే కంపాస్ ఇలాగే దారి తప్పుతుంది. నేల కాంక్రీటు, లోపల ఊచలుంటాయి, తల దాకా ఎత్తి తిప్పమన్నాను. ఎత్తింది. ఇంకా ఘోరం.

జూన్ 6
ఉంగరాలు, వాచీ, బెల్టు, తాళంచెవులు, ఫోన్ అన్నీ తీయించాను. క్యాప్ మాత్రం తియ్యనంది. మొండిఘటం. నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతుంది, మూడుసార్లు పలకదు. పొగరు.

జూన్ 9, మధ్యాహ్నం
డ్రోన్ గోడౌన్ అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకుపోయింది. ప్యాకింగ్ చేసే ముసలాయన బల్ల కింద దూరబట్టి బతికిపోయాడు.

సాయంత్రం
అన్నయ్య నన్ను నిలబెట్టి కడిగేశాడు. పైలట్‌వి నువ్వు, బాధ్యత నీది, ఇంకోసారి జరిగితే నీ చేతికి రిమోట్ ఇవ్వనన్నాడు. వదిన పక్కనే ఉంది. క్యాప్ సర్దుకుంటోంది. చేసేది ఒకరు, చివాట్లు ఇంకొకరికి.

జూన్ 11
రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.
స్పేర్ డ్రోన్ తెచ్చాం. వదిన దాన్ని తల పక్కన పట్టుకుని తిప్పుతోంది. స్క్రీన్ మీద కంపాస్ తప్పని ఎర్ర గుర్తు. వెనక నుంచి వెళ్ళి, ఇందులో ఏం దాచావు వదినా అంటూ క్యాప్ లాగేశాను. దాంతోపాటు జుట్టులోంచి పెద్ద బొత్తామంత నల్ల బిళ్ళ ఒకటి ఊడొచ్చి డ్రోన్ మోటారుకి టక్కున అతుక్కుంది. బిళ్ళకి సన్నటి వైరు. వైరు చివర, చెవి మీద చిన్న మిషను.
నేను అరుస్తూనే ఉన్నాను. ఆవిడ కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. నా గొంతు తనకి చేరడం లేదని అప్పుడర్థమైంది.
బిళ్ళ పీకి, చెవి వెనక పెట్టుకుంది. అది అయస్కాంతంతో నిలుస్తుందట. దాని జోడీ చర్మం కిందే ఉందట, ఆపరేషన్ చేసి పెట్టారట. బిళ్ళ తీస్తే ఏమీ వినిపించదట.
"అడిగితే చెప్పేదాన్నిగా" అంది.
చెప్పేది కాదు. నేను అడిగేదాన్నీ కాదు.

జూన్ 12
అన్నయ్యకి పెళ్ళికి ముందే తెలుసట. నీ నోటికి జడిసే ఇంట్లో చెప్పలేదన్నాడు. మరి డ్రోన్ తిప్పే పని ఎందుకిచ్చావంటే, ఆ సంగతి తట్టలేదట. ఈయన కంపెనీకి ఓనరు!
అద్దం పగిలిన రోజే వదినకి తన బిళ్ళ మీద అనుమానం వచ్చిందట. బయటపెడితే నేను టముకు వేస్తానని ఊరుకుందట. ముసలాయన తల పగిలినా ఊరుకునేదానివా అని అడిగాను. ఏడ్చింది. నాకు జాలి వేయలేదు. కొంచెం వేసింది. వేసినందుకు ఒళ్ళు మండింది.

జూన్ 16
క్యాలిబ్రేషన్ నేనే చేస్తున్నాను. వదిన దూరంగా నిలబడి తీగలూ పక్షులూ కనిపిస్తే చెయ్యెత్తుతుంది. డ్రోన్ మేకు కొట్టినట్టు నిలబడింది. సారీ చెప్పమని అన్నయ్య పోరుతున్నాడు. ముందు ఆవిడ చెప్పాలి.

జూన్ 20
భోజనాల దగ్గర నేను నోరు తెరిచాను. వదిన నా కళ్ళలోకి చూస్తూ బిళ్ళ తీసి కంచం పక్కన పెట్టి, తినడం మొదలుపెట్టింది.