తెర మీద జారిపడ్డ చిన్నోడు

బహ్లా, ఒమాన్, 1976, శుక్రవారం

చిన్నోడా,

నువ్వు కూలికి నటించిన ఆ ఫ్రెంచి డైరెక్టరు సినిమాను ఈ సాయంత్రం నేను వంట చేసే క్యాంపులో కంపెనీవాళ్లు దుప్పటి కట్టి వేశారు. నీ మొహం చూద్దామని అందరికంటే ముందు పోయి కూర్చున్నాను.

"ఆ డైరెక్టరు మొదట్ల షూటింగుల లైట్లు మోసిండంట అమ్మా. తర్వాత యుద్ధం తీసిండు, దయ్యాలు తీసిండు. ఇది నవ్వులాట," అన్నాడు పక్క రూమ్ ఖాజా.

నువ్వు సిమెంటు తట్టతో జారిపడ్డావు. మొహం చూపనేలేదు. రుమాలు చుట్టుకున్న తీరుతో గుర్తుపట్టాను. అందరూ పడీపడీ నవ్వారు. ఖాజా కూడా నవ్వి, నన్ను చూసి నోరు మూసుకున్నాడు.

ఒకప్పుడు బరువులు మోసినవాడికి, మోసేవాడు పడితే నవ్వొచ్చిందా? ఆ తర్వాతేగా నువ్వు సైట్‌లో నిజంగా గోడ మీంచి పడ్డావు. అది తీయడానికి కెమెరాతో ఎవరూ రాలేదు...

రేపు చేపల పులుసు ముద్ద కాకికి పెడతాను. కడుపునిండా తిను బిడ్డా.