పలకరింపు ఉద్యోగం

అమ్మా, నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు.

దుకాణంలో దొంగతనాలు ఆపే పని అనగానే కర్ర పట్టుకుని నిలబడతాననుకున్నావా? నా పని పట్టుకోవడం కాదు, పలకరించడం. ఎవరైనా పలకరిస్తే దొంగ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుందంటుంది మా యజమానురాలు. "నోరు మూసుకోవే" అని నువ్వు మొత్తుకున్న నోటికే ఇక్కడ జీతం.

నిన్న ఒక పెద్దాయన సబ్బు తీసి కోటు జేబులో వేసుకోవడం చూశాను. దగ్గరికి వెళ్లి, "బుట్ట ఇవ్వనా బాబాయ్? ఆ సబ్బు మంచిదేనా, నేనూ కొందామనుకుంటున్నా" అన్నాను. సబ్బు జేబులోంచి బుట్టలోకి వచ్చేసింది. వాళ్లావిడ వాడిన సబ్బట అది. ఆవిడ పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదట. కబుర్లన్నీ చెప్పి, డబ్బు కట్టి, "రేపు కూడా ఉంటావా తల్లీ?" అని అడిగి మరీ వెళ్లాడు. "పలకరించమన్నాను గానీ చుట్టరికం కలుపుకోమన్నానా?" అని యజమానురాలు నామీద విసుక్కుంది.

నా ఉన్ని శాలువా పంపు. వంటింటి కుళాయి బాగు చేయించావా, ఇంకా కారుతూనే ఉందా?

తాతయ్య బిస్కెట్లు కాజేస్తున్నారని అలమరకు తాళం వేశానని రాశావు. ఆ తాళం తీసెయ్యి. ఆయన అటు రాగానే "ఏం కావాలి మామయ్యా?" అను. ఏమీ వద్దంటారు. అయినా కూర్చోబెట్టి ఏదో ఒకటి అడుగు.

చెల్లికి ముద్దులు. తాతయ్యకు నా నమస్కారం చెప్పు. గుమ్మంలోంచి కేకేసి కాదు, పక్కన కూర్చుని.

నీ వాగుడుకాయ