చెప్పింది నేనే

ఎల్‌బీ నగర్,
నవంబర్ 2011

బిడ్డా మౌనికా,

నీ పాస్‌పోర్ట్ ఎవరి వల్ల ఆగిందో కనుక్కుంటున్నవని మీ నాయిన ఫోన్‌ల చెప్పిండు. అందరినీ అడిగి పరేషాన్ కాకు. చెప్పింది నేనే.

చదువుకున్నన్ని రోజులు మా ఇంట్లనే ఉన్నవు గద, అందుకే దసరా అయినంక పోలీసాయన నా దగ్గరికే ఎంక్వైరీకి ఒచ్చిండు. "పిల్ల మీద ఏమన్న కేసులున్నయా?" అని అడిగిండు. సకల జనుల సమ్మెల రైలు పట్టాల మీద కూసున్నదని, పోలీసులు పట్టుకపోయిన్రని చెప్పిన. కేసు లేకుండ సాయంత్రమే ఇడిచిపెట్టిన్రని నాకు ఎరుకే. ఆ మాట చెప్పలే.

"జర ఆలోచించి చెప్పండి సార్, పిల్ల చదువు ఆగిపోతది" అన్నడాయన. మీ చిన్నమ్మ వంటింట్లకెల్లి వద్దని చెయ్యి ఊపింది. అయినా రాసుకొమ్మన్న.

మా పిలగాడు తిరుపతికి రెండుసార్లు వీసా రాలే. ఇంకా దిల్‌సుఖ్‌నగర్‌ల కన్సల్టెన్సీల చుట్టు తిరుగుతున్నడు. వాని కంటె ముందు నువ్వు విమానమెక్కితే చుట్టాలల్ల నేనెట్ల తలెత్తుకోవాలె?

మీ నాయిన లారీ అమ్మి కట్టిన ఫీజు వాపస్ రాదని విన్న. పాపమే.

తిరుపతి ఇప్పుడు నీకు సీటిచ్చిన యూనివర్సిటీకే అప్లై చేస్తున్నడు. అప్లికేషన్‌కు నువ్వు రాసిన వ్యాసం వానికి కావాలె. ఆదివారం ఒస్తడు, ఇయ్యి. ఇయ్యనంటే నీ ఇష్టం. పాస్‌పోర్ట్‌కు మళ్ల పెట్టుకుంటే మళ్ల నన్నే అడగనీకె ఒస్తరు.

వానికి అన్నం పెట్టి పంపు.

మీ చిన్నాయిన