చెక్కకుండా వదిలిన మొగ్గ

అక్కా,

నువ్వు పట్టుబట్టావని, నాన్న పనిచేసిన అయ్యగారి మేడకి వెళ్లొచ్చాను. ఇప్పుడది మ్యూజియం. అయ్యగారు దేశదేశాల నుంచి కొనుక్కొచ్చిన బొమ్మల మధ్య నాన్న చెక్కిన తలుపు కూడా ఉంది, చుట్టూ తాడు కట్టి. పక్కన పలక మీద అయ్యగారి పేరు, వాళ్ల తాత పేరు, కలప ఏ అడవిదో అన్నీ రాశారు. నాన్న పేరు మాత్రం లేదు. అది నేననుకున్నదేలే.

నాన్న ప్రతి తలుపుకీ ఒక మొగ్గ చెక్కకుండా వదిలేసేవాడు, గుర్తుందా? "మొత్తం పూర్తిచేస్తే మళ్లీ ఎందుకు పిలుస్తారే?" అనేవాడు. ఆ మొగ్గ కోసం ఎంత వెతికినా కనిపించలేదు. గైడుని అడిగితే మురిసిపోతూ చెప్పాడు: "ఒక మొగ్గ పని ఆగిపోయి ఉండేదమ్మా. అయ్యగారు పెద్ద నిపుణుణ్ణి పిలిపించి పూర్తి చేయించారు."

ఒళ్లు మండిపోయింది. వెంటనే ఇంటికి వచ్చేశాను.

గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, "మొగ్గ అలాగే ఉందా?" అన్నాడు నాన్న మంచం మీంచి. ఉందన్నాను. నువ్వొచ్చినప్పుడు నిన్నూ అడుగుతాడు. ఫొటోలో చూశానని చెప్పు. చూపు పూర్తిగా పోయినా, ఆ మేడ నుంచి కబురొస్తుందని ఉలి ఇంకా తలగడ పక్కనే పెట్టుకుంటున్నాడు.

నీ చెల్లెలు